యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు (జననం: 1895 జనవరి 12, భీమవరం, మరణం: 1948 ఆగస్టు, అమెరికా) ఆంధ్ర దేశానికి చెందిన వైద్యుడు, జీవరసాయన శాస్త్రజ్ఞుడు. కండరాలు పనిచేయడానికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలను గుర్తించిన ఇద్దరు శాస్త్రజ్ఞులలో ఈయన ఒకడు. ఫోలిక్ ఆమ్లం, అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశకం, ఇవన్నీ ఈయన పరిశోధనాధిపత్యంలో వెలువడ్డాయి. కాన్సరు మందుగా పుట్టిన మెథోట్రెక్సేట్ నేడు ప్రపంచమంతటా రుమటాయిడ్ కీళ్ళవాతానికి మొదటి మందుగా వాడబడుతున్నది. ఏళ్ళ తరబడి కీళ్ళ నొప్పితో బాధపడేవారు వారానికొకసారి వేసుకునే ఆ చిన్న మాత్రకూ, దానివలన కీడు కలుగకుండా ఇచ్చే ఫోలిక్ ఆమ్లపు మాత్రకూ మూలం ఒకే ప్రయోగశాల అన్న సంగతి ఆ మాత్రలు వేసుకునేవారిలో చాలామందికి తెలియదు.

బాల్యం

సుబ్బారావు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లా భీమవరంలో, ఏడుగురు సంతానంలో ఒకడుగా జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వలన ముందుగానే ఉద్యోగం విడిచిపెట్టవలసి రావడంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. సుబ్బారావు చదువు రాజమండ్రిలో సాగింది. దగ్గరి బంధువులు ఒకరి తరువాత ఒకరు జబ్బులతో మరణిస్తూ ఉండడం వలన ఆ చదువు ఏమంత సజావుగా సాగలేదు. పదమూడేళ్ళ వయసులో, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించవచ్చునని కాశీకి బయలుదేరగా తల్లి వెనకకు రప్పించి మళ్ళీ బడిలో వేసిందని చెబుతారు. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడవ ప్రయత్నంలో, అదీ మద్రాసులోని హిందూ హైస్కూలు నుండి, ఉత్తీర్ణుడయ్యాడు.

తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. ఆ రోజులలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని గాఢంగా కోరుకున్నాడు. తల్లి అందుకు అంగీకరించలేదు. వైద్యం నేర్చుకొని రోగులకు సేవ చేయవచ్చునన్న తలంపుతో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. చదువుకయ్యే ఖర్చులో కొంత మిత్రులు, కొంత కస్తూరి సూర్యనారాయణ మూర్తి భరించారు. ఆయన కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావు వివాహం జరిగింది.

వైద్య విద్య, అనారోగ్యం

గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించసాగాడు. శస్త్రచికిత్స గదిలో వేసుకునే అంగీని కూడా ఖద్దరుతోనే కుట్టించుకున్నాడు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు ఇది నచ్చలేదు. ఇతర విషయాలలో మంచి మార్కులు వచ్చినా సుబ్బారావుకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే దక్కింది. మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే పని దొరికింది.

ఈ కాలంలోనే ఆ కుటుంబాన్ని స్ప్రూ అనే వ్యాధి పట్టి పీడించింది. ఉష్ణమండల దేశాలలో కనిపించే ఈ వ్యాధిలో చిన్నప్రేగు ఆహారంలోని పోషకాలను పీల్చుకోలేదు. ఎడతెగని విరేచనాలు, నాలుక పూసి మంట పుట్టడం, క్రమంగా రక్తహీనత, శరీరం శుష్కించిపోవడం దాని లక్షణాలు. పాతకాలపు వైద్యులు దీనిని గ్రహణి అనేవారు. సుబ్బారావు సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో ఈ జబ్బుతో మరణించారు. ఆయన కూడా అదే వ్యాధికి గురి కాగా లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. పాతికేళ్ళ తరువాత తన ప్రయోగశాలలో తయారైన ఫోలిక్ ఆమ్లమే స్ప్రూ రోగులకు పనికివస్తుందని అప్పుడు ఆయనకు తెలిసే అవకాశం లేదు. ఆయుర్వేదం మీద ఆయనకు గౌరవం ఏర్పడింది. అయితే ఏ మందు ఎందువలన పనిచేస్తున్నదో ప్రయోగం ద్వారా తేల్చుకోవాలన్న పట్టుదల కూడా ఇక్కడే మొదలైనట్లు తోస్తుంది.

కొంకిపురుగుల వ్యాధి నివారణ పని మీద భారతదేశం వచ్చిన ఒక అమెరికా వైద్యుడి ప్రోత్సాహంతో ఆయన విదేశీ చదువుకు సిద్ధమయ్యాడు. మామగారు పోగుచేసిన సొమ్ము, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయం కలిపి ప్రయాణానికి సరిపోయాయి. కొన్నేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి బయలుదేరాడు. కాని ఆ తరువాత ఆయన స్వదేశానికి రానే లేదు.

హార్వర్డులో

బోస్టన్ చేరి హార్వర్డు ఉష్ణమండల వైద్య పాఠశాలలో డిప్లొమా పూర్తి చేశాడు. ఉపకార వేతనం లేనందున ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడుగా చేరి రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచేవాడు. పగలు జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పని.

ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తం, మూత్రం, కణజాలాలలో భాస్వరం ఎంత ఉన్నదో రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. జీవరసాయన శాస్త్రం చదివిన విద్యార్థులందరికీ ఇది ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా పరిచయమే. ఈ కొలబద్ద చేతికి అందడంతో కండరాలలో అంతవరకు ఎవరూ చూడని భాస్వర పదార్థాలు బయటపడ్డాయి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే ఏ.టి.పి. సంగతి వారు ప్రకటించారు. జర్మనీలో లోమన్ కూడా 1929లోనే వేరుగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. కండరం ముడుచుకోవడానికి కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లం నుండి వస్తుందన్న సిద్ధాంతం, 1922లో నోబెల్ బహుమతి పొందిన హిల్, మయర్‌హాఫ్‌లది, ఈ ఆవిష్కరణలతో నిలువలేకపోయింది.

ఏ.టి.పి. కణం లోపల శక్తినిచ్చే నాణెం. అదే దెబ్బతిన్న కణం నుండి బయటకు కారినపుడు నాడీ కొసలను తాకి నొప్పి సంకేతాన్ని పుట్టిస్తుందని చాలా కాలం తరువాత తేలింది. ఏ.టి.పి. విడిపోగా మిగిలే అడినోసిన్ మాత్రం అనేక చోట్ల తాపాన్ని చల్లార్చే పని చేస్తుంది. ఈ రెండవ సంగతికి కీళ్ళవాతంతో సంబంధం ఉన్నది. అది ఇదే వ్యాసంలో ముందు వస్తుంది.

1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. లభించింది. అయినా హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి దొరకలేదు. పేరు కోసం ప్రాకులాడని ఆయన స్వభావం ఇందుకు కొంత కారణం అయితే, పై అధికారుల ఆదరణ కొరవడడం మరికొంత కారణం. ఆయనతో కలిసి పనిచేసి తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఏళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, ఫిస్క్ అసూయ వలన ఆ పని అప్పట్లో వెలుగు చూడలేదని చెప్పాడు.

లెడర్లీ ప్రయోగశాలలు, ఫోలిక్ ఆమ్లం

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి కొద్దికాలానికే పరిశోధన శాఖ అధిపతి అయ్యాడు. అక్కడ ఆయన పద్ధతి వేరు. ఒక్క సమస్య మీద రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు, జంతువుల మీద ప్రయోగాలు చేసేవారు, ఆసుపత్రి వైద్యులు అందరూ ఒకేసారి పనిచేసేటట్లు ఏర్పాటు చేసేవాడు. పత్రాల మీద సహచరుల పేర్లు ముందు ఉంచేవాడు, కొన్నిటి మీద తన పేరు అసలే ఉండేది కాదు. ఆయనకు రావలసినంత పేరు రాకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతున్నదని గమనించింది. ఆ సారంలోని అసలు పదార్థం ఏమిటన్నది పదిహేనేళ్ళు మిస్టరీగానే ఉండిపోయింది. సుబ్బారావు బృందం దానిని కాలేయం నుండి, సూక్ష్మజీవుల నుండి వేరుచేసి, నిర్మాణం తేల్చి, 1945లో కృత్రిమంగా తయారు చేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. టామ్ స్పైస్ అనే వైద్యుడు దానిని స్ప్రూ రోగులకు, పెద్ద ఎర్రకణాల రక్తహీనత ఉన్నవారికి ఇచ్చి మంచి ఫలితాలు చూశాడు.

ఇక్కడే ఒక ప్రమాదం కూడా బయటపడింది. విటమిన్ బి12 లోపించిన రోగికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్లు కనిపిస్తుంది, కాని నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, నడక తూలడం మొదలవుతాయి. బి12ను 1948లో గాని వేరుచేయలేదు. అరికాళ్ళ మంటలకు బలం మాత్రలు వాడే అలవాటు మనవారిలో బాగా ఉన్నది కనుక ఈ పాత అనుభవం నేటికీ గుర్తుంచుకోదగినదే. బి12 పరిమాణం చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడరాదు.

ప్రతి-ఫోలేటులు

కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. అయితే దానిని పోలి ఉండి దాని పని చెడగొట్టే పదార్థాన్ని ఇస్తే, విచ్చలవిడిగా పెరిగే కాన్సరు కణాలు ఆగాలి కదా అన్న ఆలోచన నుండి అమినోప్టెరిన్, ఆ వెంటనే మెథోట్రెక్సేట్ తయారయ్యాయి. బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు సుబ్బారావు బృందం ఈ పదార్థాలను పంపింది. తీవ్రమైన రక్త కాన్సరు ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. రక్త కాన్సరుకు మందు అంటూ ఒకటి ఉండగలదని లోకానికి తెలిసింది అప్పుడే.

ఈ వరుసలోనే తయారైన టెరాప్టెరిన్ అనే మరొక పదార్థం 1947 వేసవిలో అమెరికా బేస్‌బాల్ క్రీడాకారుడు బేబ్ రూత్‌కు ఇవ్వబడింది. ముక్కు వెనుక పుట్టిన కాన్సరు వలన ఆయన భరింపరాని నొప్పితో, మార్ఫీన్ మీద రోజులు గడుపుతున్నాడు. ఇంజెక్షన్లతో కొన్ని నెలలపాటు నొప్పి బాగా తగ్గి, తిండి తినగలిగి, బరువు కూడా పెరిగాడు. తరువాత వ్యాధి తిరగబెట్టింది. 1948 ఆగస్టు 16న రూత్ మరణించాడు. అప్పటికి సుబ్బారావు మరణించి కొద్ది రోజులే అయింది.

బోదకాలు మందు

గోదావరి డెల్టా వాసులకు సుబ్బారావు చేసిన మేలు మెథోట్రెక్సేట్ కంటె ముందుగా డైఇథైల్ కార్బమజీన్ రూపంలో అందింది. 1947లో లెడర్లీ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఈ మందు హెట్రజాన్ అనే పేరుతో అమ్మబడింది. దీనిని మొదట పోర్టొరీకో దీవిలోని ఫైలేరియా రోగుల మీద పరీక్షించారు.

ఫైలేరియా క్రిమిని క్యూలెక్స్ దోమ ఒకరి నుండి మరొకరికి చేరుస్తుంది. ఆ దోమ మురుగు నీటిలో గుడ్లు పెడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుండి బయలుదేరే కాలువలు, బోదెలు, ఊరి చివరి మురుగు గుంటలు ఉన్న తూర్పు డెల్టాలో, రాజమండ్రి, కడియం మొదలు కాకినాడ వరకు, బోదకాలు తరతరాలుగా తెలిసిన జబ్బు. కడియం నేడు పూలతోటలకు, నర్సరీలకు పేరుపొందినది. నీటి తడి ఎప్పుడూ ఉండే చోట వంగి, గొంతుకు కూర్చొని మొక్కలు నాటడం, మట్టి కుండీలు మోయడం అక్కడి పని. కాలు వాచినవారికి ఆ పని ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

బోదకాలు అంటే లావెక్కిన కాలు మాత్రమే మనకు గుర్తుకు వస్తుంది. రోగిని పదే పదే మంచాన పడవేసేది మాత్రం నొప్పి. చలిజ్వరం, గజ్జలలో బిళ్ళ కట్టడం, కాలి మీద ఎర్రటి చారలు దిగి సలపడం, ఇలా ఏడాదిలో కొన్నిసార్లు వచ్చి పోతుంటుంది. శోషరస నాళాలు దెబ్బతిన్న కాలిలోకి, వేళ్ళ సందులలోని చిన్న పుండ్ల ద్వారా సూక్ష్మజీవులు ప్రవేశించడమే దీనికి ముఖ్య కారణం. ప్రతి దాడి తరువాత కాలు మరికొంత లావెక్కుతుంది.

డైఇథైల్ కార్బమజీన్ రక్తంలో తిరిగే పిల్ల క్రిములను చంపుతుంది, పెద్ద క్రిములలో కొన్నిటిని కూడా. అంతే గాని, లావెక్కిన కాలిని మామూలు స్థితికి తేలేదు. ఈ భేదం చెప్పకుండా మందు ఇచ్చినచోట, మాత్రలు మింగినా కాలు తగ్గలేదన్న నిరాశ కలిగింది. వాచిన కాలి నొప్పికి అసలు చికిత్స ఎంతో సాదాది. రోజూ సబ్బుతో కాలు కడిగి వేళ్ళ సందులు తుడిచి ఆరబెట్టుకోవడం, పుండ్లకు తగిన పూత మందు, కూర్చున్నపుడు కాలు ఎత్తు మీద ఉంచుకోవడం, మడమను ఆడించే వ్యాయామం, సరిపోయే చెప్పులు. జ్వరంతో నొప్పి వచ్చినపుడు వ్యాయామం ఆపి, విశ్రాంతి తీసుకొని, పారాసిటమాల్‌తో పాటు వైద్యుడు చెప్పిన సూక్ష్మజీవనాశకం వాడాలి.

భారతదేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో ఏడాదికొకసారి అందరికీ ఈ మాత్రలు పంచారు. తరువాత దీనికి ఆల్బెండజోల్ జత అయినది, 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ కూడా. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఈ మాత్రలు ఇవ్వరు. పరగడుపున కాక భోజనం తరువాత వేసుకోవాలి. మాత్ర వేసుకున్నాక ఒకరోజు జ్వరం, ఒళ్ళు నొప్పులు రావచ్చును. అది క్రిములు చనిపోతున్నందువలన వచ్చేదే గాని మందు విషమైనందువలన కాదు.

మరణం

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. పాతికేళ్ళు అమెరికాలో గడిపినా ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు. భార్య శేషగిరి ఆయనను మళ్ళీ చూడలేదు. ఆరియోమైసిన్ వెలుగు చూసినది ఆ సంవత్సరమే. బెంజమిన్ డుగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని శిలీంధ్రం వంటి సూక్ష్మజీవి నుండి దానిని వేరుచేశాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది.

కీళ్ళవాతంలో మెథోట్రెక్సేట్

రుమటాయిడ్ కీళ్ళవాతం అరుగుదల వలన వచ్చే మోకాళ్ళ నొప్పి వంటిది కాదు. శరీరపు రక్షణ వ్యవస్థ తన కీళ్ళ పొరలనే శత్రువుగా ఎంచి దాడి చేస్తుంది. చేతి వేళ్ళ కణుపులు, మణికట్లు రెండు ప్రక్కలా వాచి, తెల్లవారి లేచాక గంట, రెండు గంటల వరకు బిగుసుకుపోయి ఉంటాయి. తగిన మందు పడకపోతే ఎముకలు కొరుక్కుపోయి వేళ్ళు వంకరలు తిరుగుతాయి. పుట్టు అరుగుదల నొప్పికి మెథోట్రెక్సేట్ మందు కాదు. ఈ తేడా వైద్యుడు పరీక్ష చేసి తేల్చవలసినది.

సుబ్బారావు మరణించిన మరుసటి నెల, 1948 సెప్టెంబరులో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ ఒక కీళ్ళవాత రోగికి కార్టిసోన్ ఇచ్చాడు. మంచం పట్టిన రోగి రోజులలో లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వెలుగులో, 1951లో గబ్నర్, ఆయన సహచరులు అమినోప్టెరిన్ కీళ్ళవాతాన్ని, సోరియాసిస్‌ను తగ్గిస్తున్నదని వ్రాసిన పత్రాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. కార్టిసోన్ దుష్ఫలితాలు తెలిసిరావడానికి ఎంతో కాలం పట్టలేదు, కాని మెథోట్రెక్సేట్ వైపు వైద్యులు మళ్ళడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1980లలో పద్ధతి ప్రకారం జరిపిన పరీక్షలు, ముఖ్యంగా 1985లో వైన్‌బ్లాట్ బృందం ప్రచురించినది, దాని గుణాన్ని నిర్ధారించాయి. 1988లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ కీళ్ళవాతానికి దీనిని అనుమతించింది.

ఇందులో వింత ఏమిటంటే, కీళ్ళవాతానికి వాడే కొద్ది మోతాదులో ఈ మందు ఫోలేటును అడ్డుకోవడం వలనే పనిచేస్తున్నట్లు కనిపించదు. అలా అయితే ఫోలిక్ ఆమ్లం ఇచ్చినపుడు మందు గుణం పోవాలి, కాని పోవడం లేదు. కణాల చుట్టూ అడినోసిన్‌ను పెంచి తాపాన్ని తగ్గించడం ముఖ్యమైన మార్గమని పరిశోధకుల అభిప్రాయం. ఏ.టి.పి.లో భాగమైన ఆ అడినోసినే ఇది. సుబ్బారావు హార్వర్డులో వెదికినది, పెర్ల్ రివర్‌లో తయారు చేసినది ఈ విధంగా ఒక్క రోగి కీలులో కలిశాయి.

వారానికి ఒకసారి మాత్రమే

మెథోట్రెక్సేట్ విషయంలో అన్నిటికంటె ముఖ్యమైన నియమం, కీళ్ళవాతానికి దీనిని వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవాలి. సాధారణంగా వారానికి 7.5 నుండి 15 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 25 వరకు పెంచుతారు. మాత్రలు సామాన్యంగా చాలా జబ్బులకు రోజూ వేసుకునేవే కావడం వలన, పొరపాటున దీనిని కూడా ప్రతిదినం వేసుకున్నవారు ఉన్నారు. కొద్ది రోజులలోనే నోరంతా పూసి, విరేచనాలు పట్టి, ఎముక మూలుగ దెబ్బతిని తెల్లకణాలు పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. ఇటువంటి మరణాలు అనేక దేశాలలో నమోదయ్యాయి. 2019లో ఐరోపా ఔషధ సంస్థ దీని కోసమే కొత్త జాగ్రత్తలు సూచించింది. చీటీ మీద వారం పేరు స్పష్టంగా వ్రాయాలన్నది ఇటువంటి జాగ్రత్తలలో ముఖ్యమైనది. మన ఇళ్ళలో దీనికి తేలిక ఉపాయం ఉన్నది. శనివారం ఒంటిపూట ఉండేవారు శనివారాన్ని మరచిపోరు. అలాగే మందుకొక వారం నిర్ణయించుకొని, మాత్రల పెట్టె మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఆ వారం పేరు వ్రాసి, ఇంట్లో చదువు వచ్చినవారు ఒకరు చూసి ఇవ్వాలి. 2.5, 10 మిల్లీగ్రాముల మాత్రలు రెండూ ఇంట ఉంచుకోవడం మంచిది కాదు.

ఫోలిక్ ఆమ్లం మరొక రోజు వేసుకుంటారు. దానివలన నోటి పూత, వికారం, కాలేయానికి కలిగే హాని తగ్గుతాయి. అయితే మెథోట్రెక్సేట్ మోతాదు మించిపోయినపుడు ఫోలిక్ ఆమ్లం విరుగుడుగా చాలదు. దానిని ఉపయోగపడే రూపానికి మార్చే ఎంజైమునే ఆ మందు పట్టి ఉంచుతుంది. అప్పుడు ఇవ్వవలసినది ఫోలినిక్ ఆమ్లం, అదీ ఆసుపత్రిలో, వెంటనే.

మందు మొదలుపెట్టే ముందు రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేస్తారు. కాలేయశోథ క్రిములు, క్షయ ఉన్నవేమో చూస్తారు. మొదటి మూడు నెలలు కొద్ది వారాలకొకసారి, తరువాత రెండు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష తప్పనిసరి. ఈ మందు గర్భస్థ శిశువుకు విషం వంటిది కనుక, పిల్లలు కావాలనుకునే స్త్రీలు వైద్యునితో మాట్లాడి కొన్ని నెలల ముందే ఆపివేయాలి. మద్యం మానవలెను. కోట్రైమాక్సజోల్ అనే సూక్ష్మజీవనాశకం దీనితో కలిస్తే మూలుగను దెబ్బతీస్తుంది. మందుల దుకాణంలో జ్వరానికి మాత్ర అడిగేటపుడు మెథోట్రెక్సేట్ వాడుతున్నట్లు చెప్పడం మరువరాదు. ఆగని పొడిదగ్గు, ఆయాసం, నోటిపూత, జ్వరం కనిపిస్తే మందు ఆపి వైద్యుని చూడాలి.

గుణం కనిపించడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. ఈ ఎదురుచూపే చాలామందిని దారి తప్పిస్తుంది. నొప్పి వెంటనే తగ్గాలని ఇంజెక్షన్లు పొడిపించుకోవడం, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగడం, వాతపు పొడి అని అమ్మే పేరు లేని పొట్లాలు తినడం ఇందులో భాగమే. నొప్పి మాత్రలు కీలు పాడవడాన్ని ఆపలేవు. అతిగా వాడితే జీర్ణాశయంలో పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాల నష్టం, గుండెజబ్బు ఉన్నవారికి మరింత ముప్పు. మూత్రపిండాలు మందగిస్తే మెథోట్రెక్సేట్ బయటకు పోక శరీరంలోనే నిలిచి విషమవుతుంది. పేరు లేని పొడులలో స్టీరాయిడ్ కలిపి ఉండవచ్చును. మూడు రోజులలో లేచి తిరిగినంత మాత్రాన అది మంచి మందు కాదు, కార్టిసోన్ పొందిన మొదటి రోగి కూడా అలాగే లేచింది. దీర్ఘకాలం వాడితే ఎముకలు గుల్లబారి, మధుమేహం వచ్చి, కంటిలో శుక్లాలు ఏర్పడతాయి. హఠాత్తుగా మానివేయడం కూడా ప్రమాదమే. వైద్యులు మెథోట్రెక్సేట్ పనిచేసే వరకు కొన్ని వారాలు కొద్దిపాటి స్టీరాయిడ్ ఇచ్చి క్రమంగా తగ్గించడం వేరు సంగతి.

పారాసిటమాల్ నొప్పికి సాధారణంగా క్షేమకరమైనది, అయితే పెద్దవారికి రోజుకు 4 గ్రాములు మించరాదు. జలుబు మాత్రలలో కూడా అదే మందు ఉంటుందన్నది లెక్కలోకి తీసుకోవాలి. ట్రామడాల్ వంటి నల్లమందు జాతి మాత్రలు ఈ వ్యాధికి దీర్ఘకాలపు చికిత్స కావు. 2018 నుండి భారతదేశంలో ట్రామడాల్ మాదకద్రవ్యాల చట్టం క్రిందకు వచ్చింది.

మందుతో పాటు శరీరానికి చేయవలసినవి ఉన్నాయి. వేడినీటి కాపడం పొద్దుటి బిగువును సడలిస్తుంది. వాపు బాగా ఉన్న రోజున కీలుకు విశ్రాంతి, తగ్గిన తరువాత ప్రతిదినం కదిలించడం, రెండూ అవసరం. నొప్పి అని ఏళ్ళ తరబడి కదలకుండా ఉంచిన కీలు బిగుసుకుపోయి, చుట్టూ కండరం సన్నగిల్లి, ఇంకా ఎక్కువ నొప్పి పుట్టిస్తుంది. ఫిజియోథెరపీ నిపుణుడు మణికట్టుకు పట్టీ, వేళ్ళకు వ్యాయామం నేర్పుతాడు. నీళ్ళ బిందె చంకన కాక రెండు చేతులా పంచుకొని మోయడం, నేల మీద గొంతుకు కూర్చునే పనికి చిన్న పీట వాడడం వంటి మార్పులు సులువుగా చేసుకోదగినవి. పొగాకు కీళ్ళవాతాన్ని తీవ్రం చేస్తుంది. గోదావరి జిల్లాలలో చుట్ట తాగే పెద్దవారు ఈ మాట వినడం కష్టమే అయినా చెప్పక తప్పదు.

గుర్తింపు

సుబ్బారావుకు నోబెల్ బహుమతి రాలేదు. ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన జ్ఞాపకార్థం సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించే అత్యవసర మందుల పట్టికలో మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం, డైఇథైల్ కార్బమజీన్ మూడూ ఉన్నాయి.